సుద్దగీత

నాగావళి ఒడ్డున, పాలకొండ అవతల, రేకుల షెడ్డు.
వంతెన డ్రాయింగు ఎగిరిపోకుండా
నాలుగు మూలలా టీ గ్లాసులు.

పట్నాయక్ గారు స్తంభాల ఎత్తు చెప్పారు.
కాంట్రాక్టరు సిమెంటు బస్తాలు చెప్పాడు.
నా వరద లెక్క నేను మూడుసార్లు చెప్పాను.
టేబుల్ ఫ్యాను ఒక్కటే తలూపింది.

మధ్యాహ్నం, పడవకి తారు పూస్తున్న అసిరయ్యని
లోపలికి రమ్మన్నాను.
"ఇంతెత్తు వొచ్చీసినాది తల్లీ నీరు"
అరచెయ్యి గోడకి ఆనించాడు.
దాని పక్కనే సుద్దతో గీత గీశాను,
సరిగ్గా పట్నాయక్ గారి కుర్చీకి ఎదురుగా.
ఏమీ రాయలేదు. ఏమీ అనలేదు.

సాయంత్రం దాకా ఆయన కళ్లజోడు
తుడుచుకుంటూనే ఉన్నారు.

మర్నాడు:
"రాత్రి తట్టిందమ్మా, మీటరు పెంచేద్దాం."
"మంచి ఆలోచన సార్" అన్నాను.

డ్రాయింగు మీద ఆయన సంతకం.
సుద్ద ఎవరో తుడిచేశారు,
తారు మాత్రం
పోలేదు.