గ్రెజ్జు గోడ పెడుతున్నాడు

రాత్రి వానకి పొలం గోడ కూలింది,
ఎద్దు పడుకున్నంత మేర.
నాన్న తిట్టలేదు. చొక్కా చేతులు మడిచాడు.
సున్నం అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు.
రాయి మీద రాయి ఆనాలి,
మధ్యలో నీళ్ళు పోయే సందుండాలి, అంతే.

మా గోజో దీవిలో మట్టి పిడికెడు.
ఎవడొచ్చినా ముందు రాయినే ఎత్తాడు.

"ఇదిగో జూజా, పట్టుకో."
ఒళ్ళంతా సన్నటి తూట్లున్న రాయి,
అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా.
ఇనుమెరగని వాళ్ళు చెకుముకితో పొడిచిన తూట్లు.
ఏనుగంత బండల్ని రాతి గుండ్ల మీద దొర్లించినవాళ్ళు,
లావుపాటి ఆడమనిషిని రాతిలో కూర్చోబెట్టినవాళ్ళు,
ఒకరోజు లేరు.
బూడిద లేదు, విరిగిన కత్తి లేదు.
"ఎందుకు పోయారు నాన్నా?"
"మట్టి అలిసిపోయిందేమో. ఆ చిన్నది అందుకో."

చిన్నది రాయి కాదు, కుండపెంకు.
దాని మీద నల్లగా సగం కన్ను.
ఏరు దాటి తెప్ప తగలేసే రకం కాదు ఆ వచ్చినవాళ్ళు.
సముద్రం దాటి,
పడవ ముక్కుకి కళ్ళు రాసి,
దాన్ని ఒడ్డునే కాపలా ఉంచారు.
ఇవాళ్టికీ మా మామయ్య పడవ
రెప్ప వెయ్యదు.

తర్వాతది గానుగ రాయి, నెలవంకలా విరిగింది.
రోము వాళ్ళ దీపాల్లో మా నూనె.
మాకు పిప్పి.

ఆ తర్వాత దక్షిణం నుంచి కత్తులు.
చాలాకాలం ఇక్కడ ఎవరూ లేరంటారు,
తేనె తీసుకుపోయేవాళ్ళు,
ఓడలకు కలప కొట్టుకుపోయేవాళ్ళు తప్ప.
ఊరు లేని దీవిలో తేనెటీగలు ఎవరి పూలమీద వాలాయో!
మళ్ళీ వచ్చారు, ఈసారి విత్తనాలతో.
పత్తి, నారింజ,
నీళ్ళని పిలవడానికి ఒక మాట: ఇల్మా.
దాహమేసినప్పుడు ఇప్పటికీ అదే వస్తుంది నోటికి.

ఉత్తరం గుర్రాలు దిగి దేవుణ్ణి మార్చాయి.
పేరు మార్చడం మరిచిపోయాయి.
ఉపవాసాల నెలలో మా నానమ్మ
సిలువ ముందు మోకరిల్లి
"అల్లా" అంటుంది,
పక్కింటావిడ వంకాయలు దొంగిలించిందని కూడా
ఆయనకే చెబుతుంది.

గోడకు చెవులుంటాయంటారు.
మా గోడకు నాలుకలు కూడా ఉన్నాయి,
ఒకదాని మాట ఒకదానికి తెలియదు,
భుజం మాత్రం ఇస్తాయి.

పొద్దు వాలే వేళకి అడుగున దొరికింది
బావి అంచు రాయి.
తాడు ఒరిసిన గాళ్ళు, పదకొండు.
నా వేలు పెట్టాను, కణుపు దాకా దిగింది.
ఏ రాజు కాలంలో తోడిన నీళ్ళో,
ఏ భాషలో తిట్టుకుంటూ తోడిందో,
చేతులు మాత్రం ఆడవాళ్ళవే.

నాన్న మూడు చోట్ల పెట్టి చూశాడు. కుదరలేదు.
"ఇది గోడ రాయి కాదు" అని పక్కన పడేశాడు.
తెల్లారేసరికి అందులో వాననీళ్ళు,
చుట్టూ మా కోళ్ళు.

గోడలో ఇంకా ఒక్క రాయి ఖాళీ.
నాన్న నడుము మీద చెయ్యేసుకుని
"సరిపోయేది ఇక్కడెక్కడా లేదు" అన్నాడు,
సముద్రం వైపు చూస్తూ.