నాలుగు గుంటలు

గోడలకు చెవులుంటాయంటారు.
డునెడిన్ కొండవాలులో ఈ ఇంటి గోడలకు
తోళ్లు కూడా ఉన్నాయి.
గీకుతుంటే ఒక్కొక్కటే ఊడి చేతికొచ్చాయి:
గోధుమరంగు పువ్వులు, వాటి వెనక పడవలు,
పడవల వెనక ఆకుపచ్చ చారలు,
అన్నిటికీ అడుగున గోనెపట్టా,
పట్టాకి పిండిజిగురుతో అంటించిన పేపరు ముక్క,
అందులో గొర్రెల ధరలు.
ఫెర్గస్ పైకి చదివాడు.
"అప్పుడే కొని పడేయాల్సింది" అన్నాడు,
గొర్రెల్ని గురించో, ఇళ్లను గురించో.

నాది రంగుల పని.
డబ్బా మీద ఏదో సముద్రం పేరుంది గానీ
నేను దాన్ని 'ఎవరికీ అభ్యంతరం లేని తెలుపు' అంటాను.
ఒకప్పుడు టెలిఫోను ఉన్న మూలలో, చెక్కపలక మీద
పెన్సిలుతో నంబర్లు, ఐదంకెలవి.
పక్కన పేర్లు: కాలమ్ మంగళవారం, బెరిల్ గురువారం,
ఒకచోట 'వేలు విరిగింది, రాడు'.
రెండు పూతలకు అందరూ వెళ్లిపోయారు.
వేలు విరిగినవాడు మాత్రం
మూడో పూత అడిగాడు.

కిటికీ తాడు తెగితే ఫెర్గస్ చౌకట్టు విప్పాడు.
లోపల, తుప్పు పట్టిన ఇనుపగుండు.
అద్దం తేలిగ్గా పైకి లేవాలంటే
గోడ చీకట్లో అది కిందికి దిగాలి.
నూరేళ్లుగా దిగుతోంది,
ఎవరికీ చెప్పకుండా.

తర్వాత రేవా లారీ వచ్చింది.
బూడిదరంగు సోఫా దింపాం.
ఈ ఏడాది దానికిది ఏడో ఇల్లు,
ఎక్కడా ఎవరూ దాని మీద నడుం వాల్చలేదు.
మంచం మీద పరుపు లేదు, దుప్పటి కింద గాలిసంచి.
వంటింట్లో గిన్నెడు నిమ్మకాయలు,
గోరు దింపితే ప్లాస్టిక్ వాసన.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు.
అమ్మి చూడు అనలేదు.
అందులో సగం కట్టడమే, సగం పెళ్లిచూపులే,
పెళ్లికూతురు నోరు విప్పకూడదనే షరతుతో.

ముందుగదిలో మాత్రం ఒక పేచీ.
రిము చెక్కనేల తేనెరంగులో తేలింది గానీ
గోడవారన నాలుగు గుంటలు మిగిలాయి,
అరవై ఏళ్లు పియానో నిలబడ్డ చోట.
ఫెర్గస్ రెండుసార్లు మెషిన్ తోలాడు.
"ఇంకా తోలితే మేకులు పళ్లికిలిస్తాయి" అన్నాడు.
రేవా ఏమీ అనలేదు, వాటి మీద తివాచీ పరిచి
దాని మీద సోఫాని నిలబెట్టింది.

ఆదివారం ఒంటిగంట.
మరిచిపోయిన నిచ్చెన కోసం వెళ్లాను.
గుమ్మంలో బూట్ల వరస,
వాటిలో జిప్పున్న గోధుమరంగు జత ఒకటి.
రావద్దని ఏజెంటు ముందే చెప్పాడు,
ఏవ్రిల్ హాగర్ట్ వచ్చింది.
కాగితం మీద అక్క పేరు రాసి సంతకం పెట్టి
తన ఇంట్లోకి తనే కాలి మేజోళ్లతో నడిచింది,
కొనేవాళ్లు నడిచినట్టు, కళ్లతో కొలుచుకుంటూ.

ఒక కుర్రాడు అడిగాడు:
"ఈ ఇంట్లోకి ఎండ వస్తుందా?"
ఏజెంటు నోరు తెరిచేలోపు ఆమె,
"జూన్‌లో రాదు.
వంటింట్లో కుళాయి దగ్గర మాత్రం
రెండింటికి, పదకొండు నిమిషాలు."

ఏజెంటు నవ్వు మొహం మీదే ఆరిపోయింది,
తడి రంగు మీద దుమ్ము పడ్డట్టు.
కుర్రాడి పక్కనున్న అమ్మాయి
గడియారం చూసుకుంది,
వెళ్లి కుళాయి దగ్గర నిలబడింది.

ఒకటిన్నరకి తలుపు వేసేయాలి.
అందరూ వెళ్లారు. ఆ అమ్మాయి కదల్లేదు.
ఏజెంటు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి,
ఆ చేతిలోంచి ఈ చేతిలోకి.

ఏవ్రిల్ సోఫాలో కూర్చుంది,
ఏడిళ్లలో మొదటిసారి దానికి బరువు తెలిసింది.
ఎడమకాలితో తివాచీ కింద
దేన్నో వెతుకుతోంది.
దొరికినట్టుంది, బొటనవేలు అక్కడే ఆగింది.

నేను నిచ్చెన భుజానికెత్తుకున్నాను.
టెలిఫోను మూల దాటుతూ చూశాను:
మూడో పూత ఆరింది.
పక్క నుంచి చూస్తే
'రాడు' ఇంకా కనిపిస్తోంది.