పేరు రాయని కవరు

ఆదివారం పన్నెండున్నరకి
జనం బిర్యానీ పాయింట్ల వైపు చెదిరిపోయాక
వెస్ట్రీ గదిలో కానుకలు లెక్కపెట్టేది నేనే.
పదహారేళ్ళ ట్రెజరర్ని.
రశీదు లేనిదే దేవుడికైనా పైసా ఇవ్వడని
కమిటీలో నవ్వుతూ అంటారు.
నేనూ నవ్వుతాను.

గుళ్ళో మూడో వరస మీద తిరిగే ఫ్యాను నాదే.
రెక్క రెక్కకీ ఎర్ర రంగులో మా ఇంటిపేరు.
తిరుగుతున్నంతసేపూ ఎవరికీ కనపడదు.
గుంటూరు ఎండలో కరెంటు పోయినప్పుడు
అందరూ తలెత్తి చదువుతారు.

మైకు అందుకుంటే నాకు ఏడుపొస్తుంది.
"పాపిని తండ్రీ" అనేచోట
ఎంత వణకాలో గొంతుకి తెలుసు.
జేబురుమాలు మాత్రం మడత నలగదు.

ఇవాళ ఒక కవరు.
పైన కృతజ్ఞతార్పణ అని అచ్చు.
కింద పెన్సిల్‌తో, ఏ మూడో తరగతి పిల్లదో చేతిరాత:
"ట్రెజరరు అయ్యగారి పాపకి డెంగీ తగ్గినందుకు."
ఇచ్చినవారి పేరు ఖాళీ.
లోపల ఇరవై రూపాయలు, నాలుగు మడతలు.

నోటు సాపు చేసి, కట్టలో కలిపి
అలవాటుగా కళ్ళు నులుముకున్నాను.

మంట.
కుళాయి దగ్గరికి పరిగెత్తాను,
నీళ్ళు కొట్టినకొద్దీ మంట.
యార్డులో పొద్దుగూకేదాకా
మిరపకాయల తొడిమలు తీసిన వేళ్ళు
మడిచిన నోటు అది.

తబితమ్మ.

నిరుడు రోహిణి కార్తెలో
మొగుడి శవం వాకిట్లో ఉంచి
సమాధికి జాగా అడగడానికొచ్చింది.
మూడేళ్ళ చందా బాకీ అన్నాను.
రిజిస్టరు ఆమె వైపు తిప్పి చూపించాను.
ఆమెకి చదువు రాదు.
తెలిసే తిప్పాను.
సాయంత్రానికి డబ్బు తెచ్చింది,
చెవులు బోసిగా ఉన్నాయి.
రశీదు రాసిచ్చాను.

పాప ఆస్పత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ
ఫోన్లో ఎన్ని "ప్రార్థిస్తున్నాం బ్రదర్"లో!
ఈమె నంబరు నా దగ్గర లేదు,
నాది ఆమె దగ్గరా ఉండదు.

ఇప్పుడీ ఇరవై పద్దు రాయాలి.
పేరు గడి దగ్గర పెన్ను ఆగింది.
రాస్తే వచ్చేవారం మైకులో చదువుతారు.
చదివేదీ నేనే.

తాళాలు పట్టుకుని వాచ్‌మన్ దేవసహాయం
తలుపు తోసి చూశాడు.
బల్ల మీదికి వంగిన నా తల,
చొక్కా మీదికి కారుతున్న కళ్ళు.
"అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు" అని
ఎవరితోనో గొంతు తగ్గించి చెప్పి
చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.

కాదని అనబోయాను.
అనలేదు.