కొండగుర్తు

మాదాపూర్‌లో తొమ్మిదో అంతస్తు.
గాజుగోడ నిండా పసుపు చీటీలంటించి
నీళ్ల ట్యాంకర్ బుక్ చేసే మనిషి దారిని
ఏడు మెట్లుగా గీశాను.
ఏడడుగులు కలిసి నడిస్తే
కస్టమరు మనవాడైపోయినట్టేనని
మీటింగులో అందర్నీ నవ్వించాను.

నాలుగో అడుగు దగ్గర జనం ఆగిపోతున్నారని
లెక్కలు చెప్పాయి.
వందమందిలో నలభై ఒక్కరు.
ఎందుకో మాత్రం లెక్కలు చెప్పవు.

అందుకని మే నెల మిట్టమధ్యాహ్నం
బోరబండ ఎత్తు ఎక్కాను.
సాయవ్వ ఖాళీ డ్రమ్ము బోర్లించి కూర్చుని
ఫోను రెండు చేతులా అందించింది
పసిపిల్లనిచ్చినట్టు.
"నువ్వే జెయ్ బిడ్డా, నేనొత్తితే ఎర్రగైతది."

ఎర్రబడేది నేను గీసిన గడే.
సరైన చిరునామా ఇవ్వండి -
ఆ వాక్యమూ నాదే.
ఎంత మర్యాదగా ఉందోనని
రాసిన రోజు మురిసిపోయాను.

ఇంటి నంబరా? గోడ మీద మూడున్నాయి,
మూడు సర్వేలు మూడు రంగుల్లో రాసిపోయినవి.
వీధి పేరంటే నవ్వింది.
"ఏన్గు గుండు పక్కపొంటి అని రాయి,
ఎవర్నడిగినా జెప్తరు."

తలెత్తి చూశాను.
గుండు లేదు.
ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని
సగం లేచిన అపార్ట్‌మెంటు ఉంది.
"పేల్చిండ్రు గద, నాలుగేండ్లాయె,"
అంది, అదేం పెద్ద విషయం కానట్టు.

మ్యాపు ఒప్పుకోలేదు.
ట్యాంకర్ నడిపే గౌస్‌కి ఫోన్ చేశాను.
"ఏన్గు గుండు, సాయవ్వ. మాలుం మేడమ్.
నీలం డ్రమ్ములు రెండు. రివర్స్‌ల రావాలె."
అంతే. పది సెకన్లు కూడా పట్టలేదు.

తిరిగొచ్చి నాలుగో మెట్టు విప్పేశాను.
పిన్‌కోడు, వీధి, ఫ్లాటు, బ్లాకు
అన్నీ ఊడబెరికి
పొడుగాటి ఖాళీ ఒక్కటే ఉంచాను.
ల్యాండ్‌మార్క్ కొట్టేసి
కొండగుర్తు అని రాశాను.
పక్కన మైకు బొమ్మ.

"లేని రాయిని ఎట్లా వెరిఫై చేస్తాం?"
డేటా చూసే వినీల్ అడిగాడు.
న్యాయమైన ప్రశ్నే.
జవాబు తెలియక
గౌస్ నంబరిచ్చాను.

వాదన ఇంకా తెగలేదు.
ఈలోగా టెస్టింగ్ సర్వర్లో మొదటి ఎంట్రీ పడింది,
పదకొండు సెకన్ల గొంతు.
నాతో కాదు, యాప్‌తోనూ కాదు:
"గౌసూ, ఏన్గు గుండు కాడ.
జల్ది రా. నిన్నటి బోళ్లు గట్లనే ఉన్నయ్."