మూగ కాగితం

తెల్లారి ఆరున్నరకి మూడు కార్లు కాశీబుగ్గ గేటు దాటి
మా జీడి బట్టీ ముందు ఆగాయి.
వేపుడు పొగ అప్పుడే లేస్తోంది.
వారంటు మీద కణితి లోహిదాసు గారి సంతకం తీసుకుని
ఫోన్లన్నీ ఒక బేసిన్లో వేయించారు,
పప్పు కడిగే బేసినది.

రెండు రాత్రులు వెతికారు.
బీరువా, పూజగది, గోనెల కింద గోనెలు.
నా బల్ల వెనక ఇనప ఊచకి గుచ్చిన చీటీల దొంతర.
ముప్పై ఒకటో చీటీ, నా చేతిరాత:
"దమ. 40. బ. బాకీ."

ఆఫీసరు కుర్రాడు. మర్యాదగానే అడిగాడు.
దమ అంటే?
దమయంతి సార్, పిక్కలు కొడుతుంది.
నలభై? కిలోలు.
బ? బద్దలు.
రెండో రాత్రి, నిద్ర లేదు, అదే ప్రశ్న పదకొండోసారి.
బ అంటే బినామీ కాదూ, వైకుంఠం గారూ, అని నవ్వాడు.
ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది
బ అంటే ఏమిటా అని.

వాళ్ళు వెతకాల్సిన చీటీ వేరే ఉంది.
దాని సంగతి ఎవరూ అడగలేదు.
నేనూ చెప్పలేదు.

ఏడాదిన్నరకి మందస దారిలో రేకుల ఇంటికి
రిజిస్టరు పోస్టులో నోటీసు:
ఆరేళ్ళ రిటర్నులు దాఖలు చెయ్యవలెను.
"నా పేరు మీద నలబై లచ్చలా బావూ!
ఏదీ, ఒక్కపాలి నానూ సూడాల కదా."
పోస్టుమాన్ వేలిముద్ర అడిగాడు.
సిరా పూసి నొక్కితే నల్లటి మచ్చ పడింది,
అందులో గీతల్లేవు.
ముప్పయ్యేళ్ళ జీడిసొన తినేసింది.

అసెస్‌మెంటులో పన్ను, దాని మీద వడ్డీ,
వడ్డీ పక్కన పెనాల్టీకి మరో నోటీసు.
మొదటి అప్పీలు పోయింది.
రెండోదానికి పలాస పాసింజరెక్కి విశాఖపట్నం.
ట్రిబ్యునల్ వరండాలో స్టీలు క్యాను మూత తీసి
చోడంబలి తాగింది దమయంతి.
వకీలు ఫీజు లోహిదాసు గారిదే.
ఆమె కేసు నిలబడితే తన కేసూ నిలబడుతుందని లెక్క.

వకీలు లేచి అన్నాడు:
సోదా జరిగినవారి ఫైలులో
ఈమె గురించిన సంతృప్తిని అధికారి నమోదు చెయ్యలేదు.
సంతృప్తి!
చట్టంలో ఆ మాట ఒకటుందని నాకు ఆరోజే తెలిసింది.
పైగా చీటీకి తేదీ లేదు, సంతకం లేదు,
రూపాయి గుర్తు లేదు. ఇది మూగ కాగితం.
జడ్జీలిద్దరూ ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు.
మూడు నెలలకి పదకొండు పేజీల ఆర్డరు:
అసెస్‌మెంటు రద్దు.

ఆ శనివారం బట్టీలో స్వీట్లు పంచారు.
దమయంతి లడ్డూ కొంగున కట్టుకుని
నా బల్ల దగ్గరికొచ్చింది.
"మరి ఆ నలబై కేజీల కూలో?"
కిలో పద్దెనిమిది. ఏడువందల ఇరవై రూపాయలు.
నాలుగేళ్ళ బాకీ.

లోహిదాసు గారు ఆర్డరు కాపీ తిప్పి
ఎనిమిదో పేజీ మీద వేలు పెట్టారు.
"ఆ చీటీతో ఏదీ రుజువు కాదని
ట్రిబ్యునలే రాసింది కదమ్మా."
హాస్యానికి కాదు. నిజంగానే అన్నారు.

కాగితం మూగది, సరే.
రాసినవాణ్ణి పక్కనే నించున్నాను.
పెదవి కదిలిందో లేదో గుర్తు లేదు.
ఆమె నా వైపు చూడలేదు.
మధ్యాహ్నం బస్తా కోసం
చేతులకి బూడిద రాసుకుంటోంది.

ఇప్పుడు ప్రతి చీటీ మీదా పూర్తిగా రాస్తున్నాను:
దున్న దమయంతి, ఇన్ని కిలోలు, ఇంత రేటు, ఫలానా తేదీ.
కింద నా సంతకం.
ఒక్కో పేరుకి అర కాగితం పడుతోంది.
ఇంత రాతెందుకయ్యా, అని విసుక్కున్నారు లోహిదాసు గారు.
బ అంటే బద్దలండీ,
అన్నాను.