దుంగల మీద ఊరు

పెళ్ళయిన ముప్పయ్యొక్క ఏళ్ళకి
మేమిద్దరం ఒక ఊరికి వెళ్ళాం, ఊరికే.
పెళ్ళికి కాదు, చావుకి కాదు,
అతని ఊపిరితిత్తుల ఫొటో తీయించడానికీ కాదు.
రైల్లో టికెట్లు చూసే కుర్రాడు ఎందాకా అంటే
గనిలోకి దిగేముందు పేరు చెప్పుకున్నట్టు
అలోయ్జ్ నిటారుగా లేచి నిలబడి
"వెనిస్" అన్నాడు.
చెవులు ఎర్రబడ్డాయి, దొంగతనం ఒప్పుకున్నట్టు.

పద్దెనిమిది నెలలు నేను ఇరుగుపొరుగు కర్టెన్లు కుట్టాను.
వంటింటి క్యాలెండరులో ఫిబ్రవరి బొమ్మ ఈ ఊరే.
ఆ ఏడాది మా ఇంట్లో మార్చి రాలేదు.

మొదటి రోజు నేను నోరు తెరుచుకుని పైకి చూస్తూ నడిచాను.
బంగారు గోపురాలు, కంచు గుర్రాలు,
ఎవరివో తాడు మీద ఆరేసిన దుప్పట్లు కూడా.
అతను కిందికి చూస్తూ నడిచాడు.
ఇరవయ్యారేళ్ళు బొగ్గు తవ్వినవాడు
పైకప్పు అందాన్ని నమ్మడు.
గోడకి అరచెయ్యి ఆనించి
పాలు తాగిన పసిగుడ్డు వీపు తట్టినట్టు తట్టి
చెవి పెడతాడు.

"ట్రూదా, ఆ గంటస్తంభం ఒరిగింది చూశావా?"
చూశాను.
బిటోమ్‌లో మన ఇల్లూ ఒరిగే ఉంది.
చేతిలోంచి బఠాణీ జారితే
వెతకక్కర్లేదు, పొయ్యి కింద ఉంటుంది.
పడగ్గదిలో బీటకి ప్రతి ఈస్టరుకీ సున్నం పెడతాను,
ప్రతి శీతాకాలం అది మళ్ళీ నోరు విప్పుతుంది.
మా వీధి కింద తవ్వినవాళ్ళలో నా మొగుడూ ఒకడు.
ఆ మాట మేం ఎప్పుడూ అనుకోలేదు.
సూపులో ఉప్పెక్కువైనా కిమ్మనని మనిషిని
ఇల్లు వంగిందని ఎలా అంటాను?

రెండో రోజు గొండోలా.
చారల చొక్కా కుర్రాడు ధర చెప్పాడు.
మళ్ళీ చెప్పమన్నాడు అలోయ్జ్,
రెండోసారికి తగ్గుతుందేమోనని.
నాలుగు కిటికీల కర్టెన్లు, కుచ్చులతో సహా!
నా మొహం చూసి చేపలమ్మే ఆవిడ
కత్తి పట్టిన చేత్తోనే అటు చూపించింది.
అక్కడ ఊరివాళ్ళు కాలవ దాటే పడవ, మనిషికి రెండు యూరోలు.
అందులో కూర్చోరు, నిలబడతారు.
ఉల్లికాడల సంచులతో, ఫోనులో తగవులతో,
ఒక పిల్ల భుజాన సెలో పెట్టెతో.
గని పంజరంలో దిగుతున్నట్టు మేమూ నిలబడ్డాం.
పడవ ఊగితే అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు.
ఒడ్డెక్కాక వదలడం మరిచిపోయాడు.
నేను గుర్తు చెయ్యలేదు.

రాత్రి భోజనాల దగ్గర బస ఇచ్చిన ఒర్సోలా
వచ్చీరాని జర్మన్‌లో చెప్పింది:
ఈ ఊరంతా దుంగల మీదే ఉంది,
బురదలోకి దిగ్గొట్టిన చెట్ల మీద,
గాలి తగలదు కనక కుళ్ళవు అని.
అలోయ్జ్ చెంచా కింద పెట్టాడు.
ఏ కర్ర? ఎంత లోతు? మధ్యలో ఎంత ఎడం?
పెళ్ళికి ముందు నన్ను కూడా ఇన్ని ప్రశ్నలడగలేదు.

గనిలో పైకప్పుకి పెట్టే ఊతకర్రలు మాట్లాడతాయట.
విరిగేముందు కిర్రుమంటాయట.
విన్నవాడు రాత్రి భోజనానికి ఇంటికొస్తాడు.

నడిరాత్రి మెలకువ వస్తే పక్క ఖాళీ.
నీళ్ళలోకి దిగే మెట్ల మీద
లోచొక్కాతో కూర్చుని ఉన్నాడు, చెవి రాతికి ఆనించి.
"ఏమంటున్నాయి?"
"ఏం లేదు. నీళ్ళ చప్పుడుకి వినపడి చావడం లేదు."
ఇంకాసేపటికి, నా వైపు చూడకుండా,
"ఈసారి ఆ సున్నం నేను పెడతాలే" అన్నాడు.

మెట్టు తడి. చలి.
అయినా పక్కన కూర్చున్నాను.
నా రాత్రి గౌనుకి అంటిన నాచు మరక
మూడు ఉతుకులైనా పోలేదు.
నాలుగోసారి గట్టిగా రుద్దలేదు.