సలుపుకి ఇంగ్లీషులో ఏమంటారు

చిత్తూరు పెద్దాసుపత్రిలో
ఆడోళ్ల వార్డుకు నేను కొత్త.
తెలుగు మీడియం చదువు, కాంట్రాక్టు కొలువు,
యూనిఫాం జేబులో ఒక పెన్ను,
పావుసేరు ఇంగ్లీషు.

మొదటి వారం అన్ని కేస్‌షీట్లలోనూ ఒకటే వాక్యం రాసినా:
పేషెంట్ హ్యావింగ్ పెయిన్.
రౌండ్సుకొచ్చిన డాక్టరమ్మ అట్టలు తిప్పి తిప్పి
"ఇరవైమందికీ ఒకటే నొప్పా సిస్టర్?
నొప్పి ఏం చేస్తోందో రాయండి" అనింది.

నొప్పి ఏం చేస్తాదో!
తిట్టే అయినా ఆ మాట నాకు నచ్చేసింది.
అప్పటిదాకా నా ఇంగ్లీషులో నొప్పి
కాళ్లు చాపుకోని పడుకోనుండేది.

గుడిపాల సాలమ్మ, షుగరు మనిషి, వేలికి గోరుచుట్టు.
"రేయంతా సలపతా ఉందిమా,
గుండికాయొచ్చి వేల్లో కూసున్నట్టు."
ఫిలోమినా సిస్టర్నడిగితే
సెలైను చుక్కలు లెక్కబెడతానే చెప్పింది: థ్రాబ్.
థ్రాబ్, థ్రాబ్ అని లోపలే అనుకుంటా
వార్డంతా తిరిగినా.
మందుల కంపెనీవాళ్లిచ్చిన డైరీలో
మొదటి మాట అట్లా పడింది.

ఇంక ఎవురొచ్చినా అడగడమే:
గుంజతాందా? పీకతాందా? పొడస్తాందా?
గుజ్జు ఫ్యాక్టరీలో మామిడి సొన తగిలి
వసంత అరిచేతులు చురచుర. అది స్టింగ్.
బెల్లం పెనం పొంగి కాలిన మంగమ్మది బర్న్,
ఆరో తరగతిలోనే తెలిసిన మాట,
ఆమె కాలికి కట్టు మార్చేదాకా
తెలుసనుకున్న మాట.

"కడుపులో ఎలక కొరకతా ఉంది" అనిన ముసలామెకు
డిక్షనరీలో నేనే వెతికి పట్టినా.
ముందర ఒక జీ ఉంటాది, పలకదు,
ఎలక మాదిరి దాక్కోనుంటాది.
నా అని పలకాలంట.
నొప్పి ఆమెది, మాట మటుకు నా.

అన్నీ దొరకలేదు.
మెడ కలుక్కుమనిందని వచ్చినామెకు
ఒకరు ట్విచ్ అన్నారు, ఇంకొకరు క్యాచ్ అన్నారు,
మాట తేలేలోపల ఆమె డిశ్చార్జి అయిపోయింది.
కలుక్కు కలుక్కుగానే ఉండిపోయింది.

ఒకనాడు డాక్టరమ్మ నా అక్షరాలకాడ ఆగి,
రెండోసారి చదివి, ఏమీ అనకుండా సంతకం పెట్టింది.
ఆ పొద్దు క్యాంటీన్లో
రెండు ఉర్లగడ్డ బోండాలు తిన్నా.

శుక్రవారం రాత్రి, పదకొండో మంచం.
ఐరాల పక్కనుంచి వచ్చింది, పేరు కౌసల్య.
ముంజేతిమీద నాలుగు వేళ్ల అచ్చు నీలంగా.
కంటికింద పసుపు, పూసుకున్న పసుపు కాదు.
మొగుడు మంచం పట్టె పట్టుకోని నిలబడుండాడు.

సలుపా? పోటా? మంటా? లాగతాందా?
నేర్చుకున్నవన్నీ ముందర పరిచినా
చీరలంగడోడి మాదిరి.
"ఏం లేదుమా. మెట్టు జారినా."

మందుల చీటీ ఇచ్చి ఆయప్పను బయటికి పంపి
మళ్లీ అడిగినా.
తలకాయ గోడపక్కకు తిప్పుకొనింది.

ఇట్లాంటప్పుడు రాసే మాట ఒకటుంది,
ఫిలోమినా నేర్పిందే: డినైస్.
పేషెంట్ డినైస్ పెయిన్.
కాదనింది అని. ఒప్పుకోలేదు అని.
బోనులో నిలబెట్టి అడిగినట్టు.
ఎవురినైనా ఎప్పుడైనా కాదనే మనిషైతే
ఈ మంచంమీద ఎందుకుంటాది?
అయినా రాసినా.
ఆ గడిలో పట్టే మాట అదొకటే.

రెండు గంటలప్పుడు మాత్ర చేతిలో పెట్టినా.
నీళ్లు తెచ్చేలోపలే
వేసుకునేసింది.

డ్యూటీ టేబుల్ కాడ డైరీ తీసినా.
ఎస్ పేజీలో ఎప్పుడో రాసుకోనుండా:
స్వాలో, మింగు.
మింగుకు ముందర కొంచెం చోటు మిగిలుంది.
సన్నంగా, ఇరికించి,
ఇంకో రెండక్షరాలు రాసినా,
దిగ.